ఓడే జట్టును భరించగలం, ఊరు విడిచే జట్టును ఎలా భరించాలి?

తెలుగు టైటాన్స్ జట్టు 2021 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి వరకు ప్రొ కబడ్డీ లీగ్‌లో వరుసగా మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లు ఆడింది, వాటిలో 5 గెలిచింది. మొదటి సీజన్‌లో ఒకటి, రెండో సీజన్‌లో రెండు, మూడో సీజన్‌లో రెండు. ఆ 66లో నేను చూడకుండా వదిలినవి పది కూడా ఉండవు. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో సగం నుంచి చూశాను, పిల్లవాడికి జ్వరం వచ్చిన రాత్రి వాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని టీవీ శబ్దం తీసేసి చూశాను. ఇది గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదని నాకు తెలుసు. కాని ఇన్నేళ్లుగా తోటివాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: గెలవని జట్టును పట్టుకుని ఎందుకు వేలాడుతున్నావు, ఏ పట్నా పైరేట్స్‌నో చూసుకోవచ్చు కదా అని. ఆ ప్రశ్నకు నిదానంగా, పూర్తిగా జవాబు చెప్పాలన్న కోరికతో ఇది రాస్తున్నాను. అంతకంటే ముఖ్యంగా, అభిమాని బాధంతా ఓటమి గురించేనని అందరూ అనుకునే అభిప్రాయం తప్పని చెప్పడానికి రాస్తున్నాను.

మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. సంక్రాంతికి కోతలు అయిపోయిన మడిలో మోళ్లు చెక్కేసి, నీళ్లు చల్లి చదును చేసి, సున్నంతో గీతలు గీసి చెడుగుడు ఆడేవారు. మా నాన్న మూల ఆటగాడు. కూతకు వచ్చినవాడి మడమ మీదికి వంగి, రెండు చేతులతో చీలమండను ఒడిసి పట్టి, తన బరువంతా వెనక్కి వేసి కూర్చుండిపోవడం ఆయన పద్ధతి. ఆ పట్టుకు ఆయన చెల్లించిన మూల్యం కుడి మోకాలు. ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు చేత్తో తొడను నొక్కుకుంటూ ఎక్కుతారు. 2014లో ప్రొ కబడ్డీ మొదలైందనీ, విశాఖపట్నంలో మన జట్టు ఆడుతుందనీ తెలిసినప్పుడు ఆయన మొదట నమ్మలేదు. టిక్కెట్టు కొని, కుర్చీలో కూర్చుని, లైట్ల కింద చెడుగుడు చూడటమా అన్నారు. రాజీవ్ గాంధీ ఇండోర్ స్టేడియంలో ఆయన పక్కన కూర్చున్న ఆ సాయంత్రం ఆయన ఆటను చూసినంతసేపూ మాట్లాడలేదు. బయటకు వచ్చాక మాత్రం, మట్టి మీద కాక ఆ మెత్తటి పరుపు మీద ఆడి ఉంటే నా మోకాలు దక్కేది అన్నారు.

ఆ జట్టు పేరును ఇక్కడ ఒకసారి నిలిచి చూడాలి. 2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయింది. రెండు నెలలు తిరగకుండానే, జూలై చివర్లో, తెలుగు అన్న మాటను ముందు పెట్టుకున్న జట్టొకటి బరిలోకి దిగింది. ఆస్తులు, నీళ్లు, ఉద్యోగులు, రాజధాని అన్నీ పంచుకుంటున్న రోజుల్లో, ఎవరూ పంచమని అడగని వస్తువు అది ఒక్కటే. విశాఖలో ఆడినా గచ్చిబౌలిలో ఆడినా అది సొంత మైదానమే. నేను ఉద్యోగరీత్యా హైదరాబాదుకు వచ్చి స్థిరపడినవాణ్ణి. ఇక్కడ గ్యాలరీలో నల్లగొండ, కరీంనగర్ వాళ్ల మధ్య కూర్చుని ఒకే జట్టు కోసం గొంతు పోయేలా అరిచినప్పుడు కలిగిన సంతోషం నాకు మరెక్కడా దొరకలేదు. ఎవరో పెట్టుబడిదారులు వ్యాపారానికి పెట్టుకున్న పేరే కావచ్చు. కాని పేరు పెట్టినవాళ్ల ఉద్దేశం ఏదైనా, పిలిచేవాళ్ల నోట్లో పడ్డాక ఆ పేరు మరొకటవుతుంది.

మొదటి రోజుల్లో ఆ జట్టు నీరసమైనది కాదు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి కూతకు వెళుతుంటే టీవీ ముందున్న మా వీధి పిల్లలు కూడా లేచి నిలబడేవారు. 2015లో సెమీఫైనల్ చేరారు; బెంగళూరు బుల్స్ చేతిలో 38-39తో, ఒక్కటంటే ఒక్క పాయింటుతో ఓడారు. 2016 జూలైలో మళ్లీ సెమీఫైనల్, అదీ హైదరాబాదులోనే. జైపూర్ పింక్ పాంథర్స్ ముందు నిలవలేకపోయారు. ఆ రెండు ఓటములూ ఈరోజుకీ కడుపులో ఎక్కడో ఒకచోట గుచ్చుకుంటాయి. అయినా వాటిని గురించి చేదుగా మాట్లాడటం నాకు రాదు. ఎందుకంటే ఆ ఓటమికి ముందొక కథ ఉంది, తరువాత కూడా ఒక కథ ఉంటుందన్న నమ్మకం ఉంది. అదే రాహుల్, అవే ముఖాలు. ఓడినవాళ్లు మనకు తెలిసినవాళ్లు.

నిజమైన నిస్పృహ అక్కడి నుంచి మొదలైంది. 2019లో రాహుల్ చౌదరి వేలంలో తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో 1 కోటి 45 లక్షలకు సిద్ధార్థ్ దేశాయ్‌ను కొన్నారు. అప్పటికి అతను ఒకే ఒక్క సీజన్ ఆడిన మహారాష్ట్ర కుర్రవాడు, బలశాలి, నిజంగా మంచి ఆటగాడు. ఆ సీజన్ గచ్చిబౌలిలోనే మొదలైంది. మొదటి మ్యాచ్‌లోనే యూ ముంబాతో ఓటమి. ఆ సీజన్ నుంచి లెక్క వేస్తే నాలుగు సీజన్లకు నలుగురు ముఖ్య శిక్షకులు మారారు. ప్రతి ఏడూ కొత్త శిక్షకుడు వచ్చి తన పద్ధతి చెప్పేవాడు, ఆ పద్ధతికి సరిపోయే ఆటగాళ్లను కొందామనేవారు, సగం సీజన్ గడిచేసరికి జట్టు అట్టడుగున ఉండేది, మళ్లీ వేలం, మళ్లీ మరొకరు. ప్రతి సీజన్‌లో మేము మొదటి తరగతిలో కూర్చుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టేవాళ్లం.

ఈ ఆట తెలియనివారికి ఇక్కడొక విషయం వివరించాలి. కబడ్డీలో కూతగాడు ఒంటరివాడు. ముప్పై సెకన్లలో వెళ్లి, ముట్టుకుని, రావాలి. అతని ప్రతిభ అతని శరీరంలోనే ఉంటుంది. ఏ జట్టులో చేరినా వెంట తీసుకెళ్లగలడు. పట్టేవాళ్ల సంగతి అలా కాదు. ఏడుగురు అర్ధచంద్రాకారంలో నిలబడతారు. రెండు చివర్లా మూల ఆటగాళ్లు, వారి పక్కన మరొకరు, ఆ పక్కన కవర్ ఆటగాళ్లు. మూలవాడు మడమ మీదికి దూకిన అరక్షణంలో కవర్‌వాడు అడ్డంగా వచ్చి దారి మూయాలి. ముందే కదిలితే కూతగాడు ఆ ఖాళీలోంచి జారిపోతాడు, ఆలస్యంగా కదిలితే మూలవాణ్ణి ఈడ్చుకుంటూ మధ్యగీత దాటేస్తాడు. ఒకడు పట్టబోయేముందు అతని భుజం ఎలా వంగుతుందో, ఊపిరి ఎలా బిగపడతాడో పక్కవాడికి తెలిసి ఉండాలి. అది వేలంలో దొరికే సరుకు కాదు. కలిసి ఆడిన ఏళ్ల నుంచి రావలసినదే.

2024 జనవరిలో గచ్చిబౌలిలో ఒక ఓటమి రాత్రి నా పక్కన అరవై దాటిన ఒక పెద్దమనిషి కూర్చున్నారు. సర్కారు బడిలో పీఈటీ సారుగా చేసి రిటైరయ్యారట. చేతిలో చిన్న నోటు పుస్తకం, అందులో ఎర్ర పెన్నుతో గీతలు. ఆటగాళ్లు ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ కూతలో ఎవరు ఔటయ్యారో రాసుకుంటున్నారు. పాయింట్ల పట్టిక మీద నా చూపు నిలిచిపోయి ఉంటే, ఆయన నా మోచేతిని తట్టి మ్యాట్ వైపు చూపించారు.

“గా మూలకున్న పొల్లగాన్ని జూడు తమ్మీ. వట్టేముందు పక్కోని దిక్కు జూస్తుండా? జూస్తలేడు. వాని మీద వీనికి నమ్మకం లేదు. ఇద్దరూ మొన్న మొన్ననే కలిసిండ్రు.”

తరువాతి పది నిమిషాలూ నేను బంతిని చూసినట్టు కూతగాణ్ణి చూడటం మానేసి ఆ ఇద్దరినే చూశాను. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఒకడు మడమ పట్టాడు, రెండోవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. కూతగాడు కాలు విదిలించుకుని వెళ్లిపోయాడు. పట్టినవాడు మ్యాట్ మీద బోర్లా పడి ఉండిపోయి, తలెత్తి పక్కవాణ్ణి చూశాడు. ఏమీ అనలేదు. ఇద్దరి తప్పూ లేదు. వాళ్లను ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టినవాళ్లు వాళ్లకు కాలం ఇవ్వలేదు.

ఆ సీజన్‌కు జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. ప్రొ కబడ్డీ చరిత్రలో అప్పటికి అంత ధర ఎవరికీ పలకలేదు. వేలం రోజున నేనూ ఎగిరి గంతేశాను. భారత జట్టు నాయకుడు మన పేరు ఉన్న చొక్కా వేసుకుంటున్నాడంటే ఎవరికి సంతోషం ఉండదు? కాని ఒక జట్టు ఆటగాళ్లందరి మీదా పెట్టగలిగే మొత్తం 5 కోట్లు. అందులో సగానికి పైగా ఒక్కరి మీద పెట్టాక మిగిలిన సొమ్ముతో ఆరేడుగురి పట్టును ఎలా కొంటారు? పవన్ తన పని తాను చేశాడు, పాయింట్లు తెచ్చాడు. తెచ్చిన పాయింట్లన్నీ అవతలి కూతలో వెనక్కి పోయాయి. 22 మ్యాచ్‌లలో రెండు విజయాలు, పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. సామాజిక మాధ్యమాల్లో ఆ ఏడాది అతన్ని తిట్టినవాళ్లను చూస్తే నాకు కోపం వచ్చింది. అతన్ని తిట్టినవాళ్లలో ఒక్కరూ ఆ ఒక్క అడుగు వెనక్కి వేసిన కవర్ ఆటగాడి గురించి మాట్లాడలేదు.

తరువాత జరిగిందే నా వాదనకు ఆధారం. 2024లో అదే పవన్‌ను 1 కోటి 72 లక్షల 50 వేలకు తిరిగి తీసుకున్నారు. కృషన్ కుమార్ హుడా శిక్షకుడిగా వచ్చారు. అక్టోబరు 18న గచ్చిబౌలిలో సీజన్ మొదటి మ్యాచ్‌లోనే బెంగళూరు బుల్స్‌పై గెలిచారు. గాయంతో పవన్ కొన్ని మ్యాచ్‌లకు దూరమైనప్పుడు విజయ్ మలిక్ ఆ బరువు ఎత్తుకున్నాడు. మొత్తం 12 విజయాలు! ఐదు గెలవడానికి మూడేళ్లు పట్టిన జట్టు ఒక్క సీజన్‌లో పన్నెండు గెలిచింది. ఆరు జట్లకే ముందుకు వెళ్లే అవకాశం ఉన్నచోట ఏడో స్థానంలో ఆగిపోయింది. ఆ ఏడో స్థానం మా ఇంట్లో ఒక పండుగ. ఇక 2025కు పవన్ లేడు, తలైవాస్‌కు వెళ్లాడు. శిక్షకుడు మాత్రం మారలేదు, విజయ్ నాయకుడయ్యాడు, భరత్ హుడా తోడయ్యాడు. అంత పెద్ద పేరున్న ఆటగాడు లేకుండానే జట్టు తొమ్మిదేళ్ల తరువాత చివరి దశకు చేరి, ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద, రెండో క్వాలిఫయర్‌లో పుణేరి పల్టన్ చేతిలో ఆగింది. డబ్బు తగ్గింది, తార వెళ్లిపోయాడు, ఆట పెరిగింది. మిగిలింది కొనసాగింపు ఒక్కటే. ఇందులో నాకు ఏ రహస్యమూ కనిపించదు.

కబడ్డీ దగ్గరే ఆగితే ఇది కొంత ఊరటనిచ్చే కథ. కాని మా ఇంట్లో బీరువా పై అరలో పసుపు, నలుపు చారల మఫ్లర్ ఒకటి మడతపెట్టి ఉంది. దాని సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం నావల్ల కాదు.

హైదరాబాదుకు ఫుట్‌బాల్ కొత్త కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచినా, శిక్షకుడు ఆ రహీం సాబే. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ రోజుల్లో దేశం మెచ్చిన ఫార్వర్డ్. ఆ తరువాత అర్ధశతాబ్దానికి పైగా ఈ నగరంలో ఫుట్‌బాల్ అంటే పాతబస్తీ ముసలివాళ్ల జ్ఞాపకంగా మిగిలింది. అందుకే 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చినప్పుడు, పుణెలో మూతపడిన జట్టు స్థానంలో వచ్చిందని తెలిసినా, మేము దాన్ని పరాయిగా చూడలేదు. 2019 నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌పై తొలి విజయం. మార్సెలీనో కొట్టిన ఫ్రీకిక్ గోల్‌లోకి వంపు తిరిగి వెళ్లినప్పుడు స్టేడియంలో ఉన్నాను. మఫ్లర్ ఆ రోజు గేటు బయట కొన్నదే. ఆ సీజన్‌లో జట్టు అట్టడుగున ముగించింది. ఫరవాలేదనుకున్నాం.

మరో రెండేళ్లకు ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో జరిగిన ఫైనల్‌లో, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేసిన గోల్, పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి ఆపిన మూడు కిక్కులు. శిక్షకుడు మనోలో మార్కెజ్ తయారుచేసిన ఆ జట్టు ఆట చూడముచ్చటగా ఉండేది. కాని కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. కప్పు గెలిచిన ఏడాది ఆ జట్టు సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇది ఈ నగరానికి అలవాటైన దురదృష్టమేమో అనిపిస్తుంది. 2009లో డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ గెలిచింది దక్షిణాఫ్రికాలో. ఎన్నికల కారణంగా ఆ ఏడాది పోటీలన్నీ అక్కడే. మరుసటి ఏడాది తెలంగాణ ఉద్యమం నడుస్తుండటంతో విజేత జట్టు సొంత మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు వెళ్లాయి. 2012లో ఆ జట్టు ఒప్పందమే రద్దయింది. గిల్‌క్రిస్ట్ ఎత్తిన ఆ కప్పును ఇప్పుడు తనదని చెప్పుకునే జట్టు లేదు. సన్‌రైజర్స్ ఆ తరువాత వచ్చి 2016లో గెలిచింది, మంచిదే. కాని అది మరో యజమాని, మరో పేరు, మరో లెక్క. గచ్చిబౌలిలో మన కళ్లెదుట 2018 జనవరిలో ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ గెలిచిన హైదరాబాద్ హంటర్స్ ఉందిగా అంటారా? 2020 తరువాత ఆ లీగే జరగలేదు.

హైదరాబాద్ ఎఫ్‌సీ పతనం వేగంగా జరిగింది. జీతాలు అందలేదని ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్తవాళ్లను చేర్చుకోకుండా ఫిఫా నిషేధం పడింది. 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లకు ఒకే ఒక్క గెలుపు. చివరి నెలల్లో బరిలోకి దిగినవాళ్లలో చాలామంది మీసాలు కూడా సరిగా రాని కుర్రవాళ్లు. ఆ కుర్రవాళ్ల ఆట నాకు ఎంతో ఇష్టం. ఓడిపోతామని తెలిసీ తొంభై నిమిషాలూ పరుగెత్తేవారు. గ్యాలరీలో కొన్ని వందలమందిమి మిగిలాం. ఆ రోజుల్లో నేను ఎంత బాధపడ్డా, వచ్చే ఏడాది ఈ పిల్లలు ఎదుగుతారు కదా అన్న ఆశ ఉండేది. 2025 అక్టోబరులో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట.

ఆ వార్త చదివినప్పుడు కలిగినదానికీ, 66 మ్యాచ్‌లలో 61సార్లు గెలుపు చూడలేకపోయినప్పుడు కలిగినదానికీ పోలికే లేదు. ఓటమికి మరునాడు ఉంటుంది. ఒక సీజన్ చివర్లో పట్టిక అడుగున ఉన్నా, అభిమాని చేతిలో ఒక దారం మిగిలి ఉంటుంది. ఆ దారం పట్టుకునే అతను మరుసటి సీజన్ దాకా వస్తాడు. జట్టే లేకుండా పోతే, ముందరి ఏళ్లలో పడ్డ బాధకూడా అర్థం లేనిదైపోతుంది. 2019లో అట్టడుగున ముగించినప్పుడు ఫరవాలేదనుకున్నది ఎవరికోసం? 2022 మార్చిలో అర్ధరాత్రి వీధిలోకి వచ్చి పక్కింటివాళ్లను లేపింది దేనికోసం?

జట్టు వ్యాపారం, నష్టం వస్తే యజమాని ఎందుకు మోయాలి అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. ఫుట్‌బాల్ జట్టు నడపడం ఈ దేశంలో లాభసాటి కాదని నాకు తెలుసు. కాని ఆ వ్యాపారంలో అమ్ముడయ్యే సరుకు ఏమిటో చూడండి. బంతి కాదు, మ్యాట్ కాదు. హరియాణా, మహారాష్ట్ర, స్పెయిన్, నైజీరియా నుంచి వచ్చిన ఆటగాళ్లను చూడటానికి మేము వెళ్లింది ఆ చొక్కా మీద మా ఊరి పేరు, మా భాష పేరు ఉన్నందుకు. ఆ పేరు వాడుకునే హక్కు లీగ్ వాళ్లు యజమానికి ఇస్తారు, టీవీవాళ్లు దానికి డబ్బు కడతారు. పేరు ఎవరిదో వాళ్లకు మాత్రం ఈ బేరంలో ఎక్కడా చోటు లేదు. కనీసం ఒక జట్టు ఊరు విడిచి వెళ్లేముందు స్థానిక క్రీడా సంఘానికీ, టిక్కెట్టు కొన్నవారికీ ముందుగా చెప్పాలనీ, నిర్ణీత కాలం పాటు నగరాన్ని విడిచి వెళ్లకూడదనీ ఒప్పందంలోనే రాయాలని నేను అడుగుతాను. రాష్ట్ర ప్రభుత్వాలు స్టేడియాలు అద్దెకు ఇచ్చేటప్పుడే ఆ షరతు పెట్టవచ్చు. ఇది అత్యాశ అని నేననుకోను.

మనవాళ్లే ఆడాలి అన్న వాదన కూడా తరచుగా వింటాను. ఇందులో నాకు సగమే సమ్మతం. రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్‌వాడు, ఆరు సీజన్లు మనతో ఉన్నాడు, మనవాడయ్యాడు. పుట్టిన ఊరు కంటే ఉన్న కాలం ముఖ్యం. అయితే ఎక్కువ కాలం ఉండగలిగేవాళ్లు ఎవరని ఆలోచిస్తే, వేలంలో ఎక్కువ ధర వస్తే వెళ్లిపోక తప్పని పేరున్న ఆటగాళ్ల కంటే, ఇక్కడే పదిహేనేళ్ల వయసులో దొరికి, ఇక్కడే ఒకరి పక్కన ఒకరు నిలబడి పట్టు నేర్చుకున్న పిల్లలే. మా జిల్లాలో ఇప్పటికీ సంక్రాంతికి చెడుగుడు పోటీలు జరుగుతాయి. గెలిచిన జట్టుకు కప్పు, కొంత డబ్బు ఇస్తారు. ఆ పోటీలకు పెద్ద జట్ల నుంచి ఒక్క మనిషి వచ్చి పుస్తకం పట్టుకుని కూర్చోవడం నేను చూడలేదు. ఆ పీఈటీ సారులాంటి మనిషిని జిల్లాకు ఒకరిని పెట్టుకోవడానికి అయ్యే ఖర్చు ఎంత? ఒక కోటిన్నర ఆటగాడి ధరలో అది ఎన్నోవంతు? విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి సన్‌రైజర్స్‌లో ఆడుతుంటే మా ఊరి పిల్లలు బ్యాటు పట్టుకునే తీరే మారింది. ఒక్కడు చాలు, పిల్లలకు దారి కనిపించడానికి.

ఇక, గెలిచే జట్టును చూసుకోవచ్చు కదా అన్న ప్రశ్న. చూస్తాను, ఆట బాగుంటే ఎవరి ఆటైనా చూస్తాను, చప్పట్లు కొడతాను. కాని పట్నా గెలిస్తే నాకు నిద్ర బాగా పడుతుంది, టైటాన్స్ గెలిస్తే నిద్ర పట్టదు. ఆ తేడా నేను ఎంచుకున్నది కాదు. నాన్న కుడి మోకాలి నుంచి, సున్నం గీతల నుంచి, అమ్మ ఎండలో నిలబడి నిమ్మకాయ నీళ్లు అందించిన ఆ మడి గట్టు నుంచి నాకు సంక్రమించింది. దాన్ని మరో జట్టుకు బదిలీ చేయడానికి కాగితం ఏదీ లేదు.

2025 ఆగస్టు 29న సీజన్ విశాఖలో మొదలైంది. ఏడేళ్ల తరువాత కబడ్డీ ఆ ఊరికి తిరిగి వచ్చింది. నాన్నను తీసుకెళ్లాను. పదకొండేళ్ల కిందట మేమిద్దరం కూర్చున్న ఆ స్టేడియమే. మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. వెనక వస్తున్న కుర్రవాళ్లు తోసుకోకుండా ఆగారు, ఒకతను ఆయన మోచేయి పట్టుకున్నాడు. అవతలి జట్టులో పవన్ ఉన్నాడు. అతను కూతకు వచ్చినప్పుడు మా గ్యాలరీలో కొందరు అరిచారు, కొందరు పాత అలవాటుతో చప్పట్లు కొట్టారు. మూడు పాయింట్ల తేడాతో ఓడాం. నాన్న లేవలేదు. మనవాళ్ల ఎడమ మూలవైపు చూస్తూ, “ఈళ్లిద్దరూ బాగా కలిశార్రా, వదలకుండా ఉంచితే పట్టేస్తారు” అన్నారు.

ఆ జట్టే అక్టోబరు చివర్లో ఢిల్లీలో రెండో క్వాలిఫయర్ ఆడింది. నేను హైదరాబాదులో, ఆయన ఊళ్లో, ఇద్దరం టీవీ ముందు, మధ్యలో ఫోన్. ఆట ముగిశాక కొంతసేపు ఆయన ఊపిరి ఒక్కటే వినిపించింది. ఏడుస్తున్నారేమో అనుకుని నేనూ మాట్లాడలేదు.

“వచ్చే ఏడు కూడా మన విశాపట్నంలో ఆడతారేటిరా?” అని అడిగారు.

అదే నెలలో ఢిల్లీకి వెళ్లిపోయిన జట్టు గురించి ఆయనకు నేను చెప్పలేదు. ఆడతారు నాన్నా, టిక్కెట్లు పెట్టగానే తీస్తాను అన్నాను.